చిత్రోత్సవములలో భయానక రసము

డబ్బిచ్చి టిక్కెట్టు కొని మరీ భయపడు ప్రాణి మనుష్యుడొక్కడే. ఇంటిలో పాము కనబడిన పరుగెత్తుదుము. తెరమీద కనబడిన కుర్చీ అంచునకు జరిగి కన్నార్పక చూతుము. మన లాక్షణికులు దీనిని చిన్నచూపు చూడలేదు. భరతుడు నాట్యశాస్త్రమున చెప్పిన ఎనిమిది రసములలో భయానకము, బీభత్సము, అద్భుతము మూడును కలవు. శృంగార కరుణములు కూర్చున్న పంక్తిలోనే వానికిని విస్తరి వేసినాడు. కాని చలనచిత్రములకు ఉత్సవములు, న్యాయనిర్ణేతలు ఏర్పడిన పిమ్మట ఈ రసములు చాలకాలము వాకిటనే నిలిచియుండవలసి వచ్చినది. ఆ చరిత్రను కొంత పరిశీలింతము.

ఆరంభమున మాత్రము ఈ వెలివేత లేదు. అంతర్జాతీయ చిత్రోత్సవములలో మొదటిదిగా పేర్కొనబడు వెనిస్ ఉత్సవము 1932 ఆగస్టు 6వ తేదీన, లీడో దీవిలోని ఎక్సెల్సియర్ హోటలు ఆరుబయట ప్రారంభమైనది. ఆ రాత్రి మొట్టమొదట తెరకెక్కిన చిత్రము రూబెన్ మామూలియన్ దర్శకత్వము వహించిన ‘డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్’. స్టీవెన్సన్ 1886లో ప్రచురించిన కథ అది. పెద్దమనిషియైన వైద్యుడు తాను కాచిన మందు త్రాగి, తనలో దాగిన మృగమును తానే బయటకు వదలును. ఆ మార్పును కెమెరా ఆపకుండ చూపిన ఉపాయము సరళమైనది. నలుపు తెలుపుల ఫిలిములో, ఎర్రని గాజుపలక గుండ చూచిన ఎర్రరంగు కానరాదు. నటుని ముఖముపై ముందే రంగుగీతలు దిద్ది, కెమెరా ముందరి రంగుపలకను మెల్లగా మార్చినారు. ముఖము చూచుచుండగనే వికృతమైనది. ఆ యేడు ప్రేక్షకులు తమ ఓట్లతో మెచ్చిన నటుడు ఆ పాత్రధారియైన ఫ్రెడ్రిక్ మార్చ్. జేమ్స్ వేల్ తీసిన ‘ఫ్రాంకెన్‌స్టయిన్’ కూడ ఆ ఉత్సవముననే ప్రదర్శింపబడినది.

మన దేశమునందును అట్లే జరిగినది. 1952 జనవరిలో బొంబాయిలో మొదలైన ప్రథమ భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున ప్రదర్శింపబడిన చిత్రములలో కె.వి. రెడ్డిగారి ‘పాతాళభైరవి’ ఒకటి. ధీరుడైన యువకుని బలియిచ్చి దేవిని మెప్పింపజూచిన నేపాళ మాంత్రికుడు, ఎస్.వి. రంగారావుగారి రూపమున, ప్రపంచ చిత్రముల నడుమ నిలిచినాడు. అద్భుత భయానకములు తెలుగువారికి పిల్లల ఆటవస్తువులు మాత్రమే కావని చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

మరి వెలివేత ఎట్లు వచ్చినది? యుద్ధానంతరము 1946లో కేన్స్, 1951లో బెర్లిన్ ఉత్సవములు మొదలైనవి. కేన్స్‌లో చాలకాలము ఆయా దేశములే తమ చిత్రములను ఎంపికచేసి పంపెడివి. దేశప్రతిష్ఠ మోసుకొనిపోవు రాయబారిగా దయ్యమును పంపుటకు ఎవరికి మనసొప్పును? ఇంకొక కారణమును ఒప్పుకొనవలెను. ఒకసారి డబ్బు తెచ్చిన భూతమును మరల మరల తెరకెక్కించి స్టూడియోలే ఆ భూతమును చులకన చేసినవి.

ఈ అడ్డును దాటినవారిలో జపానువారు ముఖ్యులు. కెంజీ మిజొగూచి ‘ఉగెత్సు’ 1953లో వెనిస్‌లో రజత సింహమును, మసాకి కొబయాషి ‘క్వైదాన్’ 1965లో కేన్స్‌లో న్యాయనిర్ణేతల ప్రత్యేక బహుమానమును పొందినవి. ‘క్వైదాన్’లోని ఒక కథ రేడియో శ్రోతలకు ప్రత్యేకముగా నచ్చును. అంధుడైన ఒక వీణాగాయకునిచేత, సముద్రయుద్ధమున మడిసిన వీరుల ప్రేతములు తమ పతనగాథనే రాత్రులందు పాడించుకొనును. గురువు అతని దేహమంతయు మంత్రాక్షరములు వ్రాసి చెవులను మరచును. ప్రేతము ఆ చెవులనే పెరికికొనిపోవును. తోరు తకెమిత్సు ఈ చిత్రమునకు కూర్చిన ధ్వనిలో నిశ్శబ్దమునకును వాద్యములతో సమానమైన స్థానము గలదు. చీకటి గదిలో శబ్దమొక్కటియే మనసుపై ఎట్లు పనిచేయునో రేడియోవారమైన మాకు తెలియనిది కాదు.

ఆహ్వానము లేనివారు తమ ఇంటనే పందిరి వేసికొనిరి. 1963లో ఇటలీలోని త్రియెస్తెలో వైజ్ఞానిక కల్పనా చిత్రములకును, 1968లో బార్సిలోనాకు చేరువనున్న సిట్జెస్‌లో అద్భుత భయానక చిత్రములకును ప్రత్యేకోత్సవములు పుట్టినవి. 1973లో ఫ్రాన్సు మంచుకొండలలోని అవోరియాజ్‌లో తొలి ప్రధాన బహుమానము స్టీవెన్ స్పీల్‌బర్గ్ ‘డ్యూయెల్’కు దక్కినది. అది మొదట టెలివిజన్ కొరకు తీసిన చిత్రము. బాటసారిని తరుము ఒక లారీ, ముఖము కనబడని దాని డ్రైవరు: ఇంతియే భూతము. ఈ ఉత్సవములు మర్మమెరిగిన ప్రేక్షకులను తయారుచేసినవి; కాని పంక్తి మాత్రము వేరుగనే ఉండిపోయినది.

ఆ గోడ ఇటీవల కూలుచున్నది. 2017లో గిలెర్మో దెల్ తోరో ‘ది షేప్ ఆఫ్ వాటర్’ వెనిస్ స్వర్ణసింహమును, 2021లో జూలియా దుకుర్నో ‘తితాన్’ కేన్స్ స్వర్ణతాళపత్రమును గెలిచినవి. 2018లో వెనిస్ విమర్శకుల వారము రాహీ అనిల్ బర్వే తీసిన హిందీ చిత్రము ‘తుంబాడ్’తో ఆరంభమైనది. అందులోని భూతము పాడుబడిన కోటలో నున్నను, భయము పుట్టించునది మాత్రము తరతరములుగా చల్లారని బంగారపు దురాశయే.

బహుమానములు వచ్చినవని ప్రతి నెత్తుటి చిత్రమును నెత్తికెత్తుకొనవలెనా? ఇచట భరతుని విభజనయే మనకు దారి చూపును. భయానకమునకు స్థాయి భయము, బీభత్సమునకు జుగుప్స. రెండును రసములే, కాని రెండును ఒకటి కావు. జుగుప్సను కలిగించి భయమును కలిగించితిమని పొరబడు చిత్రములు ప్రతి ఉత్సవమునను కొన్ని కనబడుచునే యుండును. ఎంత నెత్తురు చిందినదని గాక, చిత్రము దేనిని చూచి భయపడుచున్నదని అడుగుట మేలు. 2024లో కేన్స్‌లో ఉత్తమ చిత్రకథకు బహుమానమందిన కొరాలీ ఫార్జా ‘ది సబ్‌స్టెన్స్’లో నెత్తురునకు కొదువ లేదు. అయినను వయసు మీరినదని త్రోసివేయబడిన ఒక నటి, పడుచుదనము కొరకు ఒక మందును దేహమున ఎక్కించుకొను కథ అది. 1932లో లీడో తెరపై వైద్యుడు త్రాగిన మందు అతనిలోని మృగమును బయటపెట్టినది. ఈ నటి మందు ఆమెను వెలివేసిన లోకమునే బయటపెట్టినది. మందు పాతదే. మనుష్యుడు ఏ కాలమున దేనికి జంకుచున్నాడో చెప్పు చిత్రమునకు, కరుణ శృంగారముల ప్రక్కన విస్తరి వేయుటకు సందేహింపనక్కరలేదు.