జంట గ్రాఫిక్స్ కార్డులు

జంట గ్రాఫిక్స్ కార్డులు అనగా ఒకే కంప్యూటరులో రెండు గ్రాఫిక్స్ కార్డులను అమర్చి, ఒకే ఆట యొక్క దృశ్యాలను ఆ రెండింటిచేత పంచి గీయించే పద్ధతి. ఎన్విడియా సంస్థ దీనిని 2004లో ఎస్.ఎల్.ఐ. అనే పేరుతోను, ఏ.టి.ఐ. సంస్థ 2005లో క్రాస్‌ఫైర్ అనే పేరుతోను ప్రవేశపెట్టినవి. ఏ.టి.ఐ. 2006లో ఏ.ఎమ్.డి. సంస్థలో విలీనమైనది. కంప్యూటరు ఆటలు ఆడేవారు ఖరీదైన ఒకే కార్డు కొనవలెనా, లేక మధ్యరకం కార్డులు రెండు కొనవలెనా అన్న ప్రశ్న ఆ తరువాత పదేళ్ళకు పైగా చర్చలో నిలిచినది. 2021 తరువాత ఆటల వరకు ఈ ప్రశ్న దాదాపుగా ఒకే కార్డు పక్షాన తేలిపోయినది. అయినను పాత కార్డులు చౌకగా చేతులు మారుతున్నందున, రెండవ కార్డుపై పెట్టే సొమ్ము ఎంతవరకు ఫలితమిస్తుందో తెలిసి ఉండుట నేటికీ అవసరమే.

నేపథ్యం

కంప్యూటరు తెరపై కదిలే దృశ్యం నిజానికి వరుసగా వచ్చే నిశ్చల చిత్రాల సముదాయం. ఒక్కొక్క చిత్రాన్ని ఫ్రేము అంటారు. సెకనుకు 60 ఫ్రేములు కనిపించవలెనంటే ఒక్కొక్క ఫ్రేమును సుమారు 16.7 మిల్లీసెకన్లలో గీయవలసి ఉంటుంది. తెరలోని చుక్కల సంఖ్య పెరిగినకొద్దీ, నీడలు, ప్రతిబింబాలు, పొగ వంటి వివరాలు చేరినకొద్దీ ఈ పని బరువెక్కుతుంది. దీనిని కంప్యూటరు ప్రధాన ప్రాసెసరుపై మోపకుండా, ప్రత్యేకమైన చిప్పు, మెమొరీ గల గ్రాఫిక్స్ కార్డుకు అప్పగిస్తారు. ఒక కార్డు శక్తి చాలనప్పుడు మరొక కార్డును తోడు చేర్చవచ్చుననే ఆలోచనయే జంట కార్డులకు మూలం.

కొన్ని లాప్‌టాపులలో ప్రాసెసరులోనే ఇమిడిన గ్రాఫిక్స్‌తో పాటు విడి గ్రాఫిక్స్ చిప్పు కూడా ఉంటుంది. ఇవి సాధారణంగా పనినిబట్టి ఒకదానికి బదులు మరొకటి పనిచేస్తాయి. రెండూ కలిసి ఒకే ఆటను పంచుకొనవు. కనుక ఈ ఏర్పాటును జంట కార్డులుగా భావించరాదు.

చరిత్ర

ఈ పద్ధతిని ఇళ్ళలోని కంప్యూటర్లకు తెచ్చినది 3డీఎఫ్ఎక్స్ సంస్థ. 1998లో విడుదలైన వూడూ 2 కార్డులు రెండింటిని ఒక చిన్న తీగతో కలిపినచో, తెరపైని గీతలను ఒకటి విడిచి ఒకటిగా రెండు కార్డులు పంచుకొని గీసేవి. ఒక కార్డుతో 800×600 చుక్కల వరకే సాధ్యమైన చిత్రం, రెండింటితో 1024×768కు పెరిగేది. 2000 చివరలో ఈ సంస్థ ఆస్తులను ఎన్విడియా కొనుగోలు చేయుటకు ఒప్పందం కుదిరినది.

2004లో పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ స్లాట్లు అందుబాటులోకి వచ్చినప్పుడు, ఎన్విడియా జీఫోర్స్ 6800 వంటి కార్డులతో ఎస్.ఎల్.ఐ. పేరును తిరిగి వాడుకలోకి తెచ్చినది. అక్షరాలు పాతవే అయినను అర్థమూ, విధానమూ వేరు. ఏ.టి.ఐ. తొలి క్రాస్‌ఫైర్‌లో ఒక కార్డు 'మాస్టర్' కార్డుగా ఉండవలసి వచ్చేది. రెండు కార్డులను పెట్టె వెలుపల ఒక తీగతో కలిపేవారు. తరువాత లోపలి బ్రిడ్జి వచ్చినది. 2013లో వెలువడిన ఆర్9 290ఎక్స్‌తో ఆ బ్రిడ్జి కూడా అవసరం లేకుండా పోయినది.

ఒకే కార్డుపై రెండు చిప్పులను అమర్చిన నమూనాలు కూడా వచ్చినవి. హెచ్‌డీ 4870 ఎక్స్2 (2008), జీటీఎక్స్ 295 (2009), జీటీఎక్స్ 690 (2012), ఆర్9 295ఎక్స్2 (2014) వీటిలో పేరొందినవి. చూచుటకు ఒకే కార్డైనను ఇవి జంట కార్డుల వలెనే పనిచేసేవి. కనుక జంట కార్డుల గుణదోషాలన్నీ వీటికీ వర్తిస్తాయి.

పనిచేసే విధానం

పనిని పంచుటకు ముఖ్యంగా రెండు మార్గాలున్నవి.

* ఫ్రేముల వంతు పద్ధతి: మొదటి ఫ్రేమును ఒక కార్డు, రెండవ ఫ్రేమును మరొక కార్డు, మూడవదానిని మరల మొదటి కార్డు గీస్తాయి. వేగం ఎక్కువగా పెరిగేది ఈ పద్ధతిలోనే. అందుచేత ఆటలలో ఎక్కువగా దీనినే వాడేవారు.
* ఫ్రేము విభజన పద్ధతి: ఒకే ఫ్రేమును రెండు భాగాలు చేసి, ఒక్కొక్క కార్డుకు ఒక్కొక్క భాగం అప్పగిస్తారు. ఆకాశం ఉన్న పైభాగం తేలిక, నేల ఉన్న క్రిందిభాగం బరువు కావచ్చును. కనుక భారం సమంగా ఉండునట్లు హద్దును మారుస్తూ ఉండవలెను.

ఏ పద్ధతిలోనైనను రెండు కార్డుల మెమొరీ కూడికకు రాదు. ఆటకు కావలసిన బొమ్మలు, అల్లికలు రెండు కార్డులలోను విడివిడిగా ఉండవలసినదే. ఒక్కొక్కటి 1 గిగాబైటు మెమొరీ గల రెండు కార్డులు కలిసినను ఆటకు దక్కేది 1 గిగాబైటే. అమ్మకందారులు 'మొత్తం 2 గిగాబైట్లు' అని చెప్పినచో ఆ లెక్క సాంకేతికంగా చెల్లదు.

ప్రతి ఆటకూ తగిన సూచనల పట్టికను డ్రైవరులో చేర్చవలసి ఉండేది. దీనిని ప్రొఫైల్ అంటారు. ప్రొఫైల్ లేని ఆటలో రెండవ కార్డు తరచుగా ఖాళీగా ఉండిపోయేది. కొత్త ఆట విడుదలైన దినాలలో ఈ ఇబ్బంది అధికం.

ఎస్.ఎల్.ఐ.లో రెండు కార్డులూ ఒకే నమూనా చిప్పు కలిగి ఉండవలెను. క్రాస్‌ఫైర్‌లో ఒకే కుటుంబానికి చెందిన కొన్ని వేర్వేరు నమూనాలను కలుపుటకు వీలుండేది. మదర్‌బోర్డుకు కూడా ఈ సౌకర్యం ఉండవలెను. సాధారణ ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ కొరకు 16 పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ మార్గాలు మాత్రమే ఉన్నందున, రెండు కార్డులు పెట్టినప్పుడు ఒక్కొక్కదానికి 8 చొప్పున దక్కేవి.

ధర, వేగముల పోలిక

జంట కార్డుల వాదనకు బలం చేకూర్చిన రెండు ఉదాహరణలు 2009, 2010 సంవత్సరాలకు చెందినవి. విడుదలనాటి అమెరికా ధరలు, సంస్థలు ప్రకటించిన గరిష్ఠ విద్యుత్తు ఈ విధంగా ఉన్నవి.

* రేడియాన్ హెచ్‌డీ 5770 (2009): 159 డాలర్లు, 108 వాట్లు. రెండింటికి 318 డాలర్లు, 216 వాట్లు.
* రేడియాన్ హెచ్‌డీ 5870 (2009): 379 డాలర్లు, 188 వాట్లు.
* జీఫోర్స్ జీటీఎక్స్ 460, 1 గిగాబైటు (2010): 229 డాలర్లు, 160 వాట్లు. రెండింటికి 458 డాలర్లు, 320 వాట్లు.
* జీఫోర్స్ జీటీఎక్స్ 480 (2010): 499 డాలర్లు, 250 వాట్లు.

హెచ్‌డీ 5770లోని గణన భాగాలు 800, హెచ్‌డీ 5870లో 1600. అనగా కాగితం మీద రెండు చిన్న కార్డులు కలిసి ఒక పెద్ద కార్డుతో సమానం. ధరలో 61 డాలర్లు మిగులు. జీటీఎక్స్ 460 జంట అయితే, ఎస్.ఎల్.ఐ. చక్కగా పనిచేసిన ఆటలలో జీటీఎక్స్ 480ని మించిపోయేది. ఆ కాలపు సమీక్షకులు ఈ జంటను మెచ్చుకొనుటకు కారణం ఇదే.

అయితే ఈ లెక్కలో చేరని ఖర్చులున్నవి. రెండు పెద్ద స్లాట్లు గల మదర్‌బోర్డు, ఎక్కువ శక్తి గల పవర్ సప్లై, గాలి బాగా ఆడే క్యాబినెట్ కావలెను. వీటిని కలుపుకొన్నచో మిగులు కరిగిపోయేది. ఇక ప్రొఫైల్ లేని ఆటలో పరిస్థితి తలక్రిందులయ్యేది. హెచ్‌డీ 5870 ఉన్నవారికి పూర్తి వేగం దక్కగా, 5770 జంట ఉన్నవారికి అందులో సుమారు సగమే దక్కేది. ఒకే కార్డు అన్ని ఆటలలోను పనిచేయుట, జంట కార్డులు కొన్ని ఆటలలోనే పూర్తిగా పనిచేయుట ఈ పోలికలోని అసలు వ్యత్యాసం.

సూక్ష్మ తడబాటు

ఫ్రేముల సగటు సంఖ్య ఎక్కువగా ఉన్నను దృశ్యం కుదుపుగా కనిపించుట జంట కార్డులలోని ముఖ్య లోపం. రెండు కార్డులు వంతులవారీగా గీయునప్పుడు వాటి మధ్య లయ తప్పవచ్చును. ఉదాహరణకు ఒక ఫ్రేము 5 మిల్లీసెకన్లకు, తరువాతిది 28 మిల్లీసెకన్లకు, మరల 5కు, మరల 28కి వస్తున్నవనుకొందాము. రెండు ఫ్రేములకు 33 మిల్లీసెకన్లు కనుక సగటున సెకనుకు సుమారు 60 ఫ్రేములు. కాని కంటికి ఆనేది 28 మిల్లీసెకన్ల ఎడమే. అది సెకనుకు సుమారు 36 ఫ్రేములతో సమానం.

సగటును మాత్రమే చూపే పాత పరీక్షలలో ఈ లోపం బయటపడలేదు. 2011 నుండి కొన్ని సమీక్షా సంస్థలు ఒక్కొక్క ఫ్రేముకు పట్టిన సమయాన్ని కొలువసాగినవి. 2013లో ఎన్విడియా రూపొందించిన ఎఫ్‌క్యాట్ అనే సాధనంతో, తెరకు నిజంగా చేరిన ఫ్రేములను లెక్కించుట సాధ్యమైనది. క్రాస్‌ఫైర్‌లో కొన్ని ఫ్రేములు సన్నని చీలికలుగా మాత్రమే తెరపై పడుతున్నవని అప్పుడు తేలినది. అదే సంవత్సరం ఆగస్టులో ఏ.ఎమ్.డి. సంస్థ ఫ్రేముల లయను సరిచేసే డ్రైవరును విడుదల చేసినది.

విద్యుత్తు, వేడి

కార్డు వినియోగించే విద్యుత్తు దాదాపు అంతా వేడిగా మారి గదిలోనికే చేరుతుంది. రెండు జీటీఎక్స్ 460 కార్డులు పూర్తి భారంతో నడుచునప్పుడు వెలువడే వేడి 320 వాట్ల చిన్న హీటరుతో సమానం. పై కార్డు, క్రింది కార్డు విడిచిన వేడిగాలినే పీల్చుకొనుట వలన మరింత వేడెక్కుతుంది. ఫ్యాన్ల చప్పుడు కూడా పెరుగుతుంది.

రోజుకు మూడు గంటల చొప్పున ఆడినచో, 70 వాట్ల అదనపు వినియోగం నెలకు సుమారు 6 యూనిట్లు అవుతుంది. ఇది పెద్ద మొత్తం కాదు. కాబట్టి విద్యుత్తు విషయంలో అసలు చిక్కు బిల్లు కాదు, సరఫరా, శీతలీకరణలే.

తెలుగు ప్రాంతాలలో

మెదక్ జిల్లాలోని నర్సాపూర్ హైదరాబాదుకు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. 1997లో స్థాపించబడిన బి.వి. రాజు ఇంజనీరింగు కళాశాల ఇక్కడే కలదు. ఇటువంటి పట్టణాల వారు మంచి గ్రాఫిక్స్ కార్డు కొనవలెనన్నచో చాలాకాలం సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి విపణులే ఆధారం. తరువాతి కాలంలో ఆన్‌లైన్ కొనుగోళ్ళు దీనికి తోడైనవి. గ్రాఫిక్స్ చిప్పులు తయారుచేయించే ఏ.ఎమ్.డి., ఎన్విడియా సంస్థలు రెండింటికీ హైదరాబాదులో అభివృద్ధి కేంద్రాలున్నవి.

ఈ ప్రాంతపు వాతావరణం, విద్యుత్ పరిస్థితులు రెండు కార్డుల ఏర్పాటుకు అనుకూలించేవి కావు. మెదక్ ప్రాంతంలో ఏప్రిల్, మే నెలలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుట సాధారణం. చల్లని దేశాలలోని సమీక్షలలో కనిపించే కార్డు ఉష్ణోగ్రతలకు, ఎ.సి. లేని గదిలోని ఉష్ణోగ్రతలకు పది, పదిహేను డిగ్రీల తేడా రావచ్చును. వేడి హద్దు దాటినప్పుడు కార్డు తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది. అప్పుడు రెండవ కార్డు వలన కలిగిన లాభం కొంత ఆవిరి అవుతుంది.

కరెంటు కోతల కాలంలో ఇళ్ళలో కంప్యూటరుకు యు.పి.ఎస్. తప్పనిసరి. ఎక్కువగా కొనే 600 వి.ఎ. యు.పి.ఎస్. అందించగలిగేది సుమారు 360 వాట్లే. జంట కార్డులకే 320 వాట్లు, ప్రాసెసరు, మానిటరు కలిపి మరో 150 వాట్లు అనుకొన్నచో అవసరం 470 వాట్లు దాటుతుంది. ఆట మధ్యలో కరెంటు పోయినచో అటువంటి యు.పి.ఎస్. భారం మోయలేక ఆగిపోతుంది. గోడలోని 6 ఆంపియర్ల సాకెట్టు 1300 వాట్లకు పైగా భరించగలదు కనుక దానితో చిక్కు లేదు.

క్షీణత

జంట కార్డులు మరుగున పడుటకు ఒక కారణం కాదు, పలు కారణాలు కలిసినవి.

* కొత్త ఆటలు ఒక ఫ్రేమును గీయుటకు అంతకుముందు ఫ్రేములోని సమాచారాన్ని వాడుకొనసాగినవి. అంచులను నునుపు చేసే ఆధునిక పద్ధతులు ఇందుకు ఉదాహరణ. ముందరి ఫ్రేము వేరొక కార్డులో ఉన్నచో ఆ సమాచారాన్ని తెప్పించుకొనవలెను. ఈ రాకపోకలలోనే రెండవ కార్డు తెచ్చిన లాభం హరించుకుపోయినది.
* 2015లో వచ్చిన డైరెక్ట్‌ఎక్స్ 12తో కార్డులను సమన్వయపరచే బాధ్యతను ఆట తయారీదారులే వహించవలసి వచ్చినది. జంట కార్డులు గలవారు కొద్దిమందే కనుక ఎక్కువమంది తయారీదారులు ఆ శ్రమకు పూనుకొనలేదు.
* ఒంటి కార్డుల శక్తి వేగంగా పెరిగినది. 2014 నాటి జీటీఎక్స్ 970 (145 వాట్లు, 4 గిగాబైట్లు) ఉన్నవారు రెండవ 970 కొనుటకు బదులు, 2016లో జీటీఎక్స్ 1070 (150 వాట్లు, 8 గిగాబైట్లు) కొన్నచో, దాదాపు అదే విద్యుత్తుతో అన్ని ఆటలలోను ఎక్కువ వేగం, రెట్టింపు మెమొరీ పొందగలిగేవారు.

2016లో వచ్చిన జీటీఎక్స్ 1060కు ఎస్.ఎల్.ఐ. సౌకర్యం ఇవ్వబడలేదు. చౌక కార్డులు రెండు కొని పెద్ద కార్డును అందుకొనే ఆలోచనకు ఎన్విడియా పక్షాన అంతటితో దారి మూసుకుపోయినది. ఏ.ఎమ్.డి. 2017లో క్రాస్‌ఫైర్ పేరును విడిచిపెట్టినది. 2020లో ఆర్.టి.ఎక్స్. 30 తరగతిలో ఖరీదైన 3090కి మాత్రమే జంట కలిపే సౌకర్యం మిగిలినది. 2021 జనవరి 1 నుండి ఎన్విడియా కొత్త ఎస్.ఎల్.ఐ. ప్రొఫైళ్ళను నిలిపివేసినది. 2022లో వచ్చిన ఆర్.టి.ఎక్స్. 4090కి ఆ సౌకర్యం కూడా లేదు.

ప్రస్తుత స్థితి

ఆటలలో ఆదరణ తగ్గినను ఒకే కంప్యూటరులో రెండు కార్డులు పెట్టుట పూర్తిగా నిలిచిపోలేదు. త్రీడీ చిత్రాలను గీసే బ్లెండర్ వంటి సాఫ్ట్‌వేర్లు, యంత్రాలకు నేర్పే గణనలు ఈ ఏర్పాటును చక్కగా వాడుకొంటాయి. ఇక్కడ ఫ్రేములు లయతో తెరపైకి రావలసిన అవసరం లేదు. పనిని ముక్కలుగా పంచి, ఫలితాన్ని చివరకు కూర్చినచో సరిపోతుంది. ఇటువంటి పనులు కూడా చేసే ఇంజనీరింగు విద్యార్థికి రెండవ కార్డు వృథా కాదు. కేవలం ఆటల కొరకైతే, ఉన్న పాత కార్డును అమ్మి, వచ్చిన సొమ్మును కొత్త ఒంటి కార్డు ధరలో కలుపుకొనుటయే లాభదాయకం.

పాత కంప్యూటరుకు రెండవ కార్డు చేర్చదలచినవారు ముందుగా నాలుగు విషయాలు పరిశీలించవలసి ఉంటుంది: మదర్‌బోర్డుకు ఆ సౌకర్యం ఉన్నదా, పవర్ సప్లై చాలునా, కార్డు మెమొరీ ఆటకు సరిపోవునా, ఆడదలచిన ఆటలకు ప్రొఫైల్ ఉన్నదా. మొదటి మూడింటిని సొమ్ముతో సరిచేయవచ్చును. 2021 తరువాత వచ్చిన ఆటలలో ఎక్కువ భాగానికి నాల్గవది లేదు, కొనుటకు దొరకదు.

ఇవి కూడా చూడండి

* గ్రాఫిక్స్ కార్డు
* మదర్‌బోర్డు
* కంప్యూటరు ఆటలు
* నర్సాపూర్ (మెదక్ జిల్లా)