రహీం సాబ్ తర్వాత ఎవరు?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఫుట్‌బాల్ ముచ్చట ఎక్కువగా గల్ఫ్ దారిన, ఆ తర్వాత సెల్‌ఫోన్ దారిన వచ్చింది. దోహాలో, దుబాయ్‌లో, కువైట్‌లో పనిచేసే అన్నలు క్యాంపు గదుల్లో మ్యాచ్‌లు చూసి ఇష్టపడ్డ జట్లే ఇక్కడి తమ్ముళ్లకూ ఇష్టమయ్యాయి. 2022 ప్రపంచకప్ ఖతార్‌లో జరిగినప్పుడు మన పల్లెల్లో ఎన్నో ఇళ్లకు అది సొంత విషయమే అయింది. ఆ స్టేడియాల పనుల్లో, ఆ రోడ్ల పనుల్లో తెలంగాణ మనుషుల చెమట ఉంది.

ఈ ముచ్చట్లలో ఆట గురించి మాట్లాడేది కొద్దిసేపే. గంటల తరబడి నడిచేది కోచ్ గురించి. ఉన్నవాడిని తీసెయ్యాలా, తీసేస్తే ఎవరిని తేవాలి? మాంచెస్టర్ యునైటెడ్‌కు 1986 నుంచి 2013 దాకా ఒక్క అలెక్స్ ఫెర్గూసనే. ఆయన దిగిపోయాక వచ్చినవాళ్ల పేర్లు మోయెస్, వాన్ గాల్, మౌరీన్యో అంటూ వరుసగా అప్పజెప్పే పిల్లలు మన ఊళ్లలో ఉన్నారు. అదే పిల్లలను హైదరాబాద్ కోచ్‌ల పేర్లు చెప్పమంటే, 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమా చూసినవాళ్లు అందులోని కోచ్ రహీం సాబ్ పేరు చెప్పి ఆగిపోతారు. ఆయన వెనుక ఎవరున్నారో, ఆయన తర్వాత ఎవరొచ్చారో తెలియదు. తప్పు పిల్లలది కాదు, మనం చెప్పలేదు. అందుకే ఈ ‘తర్వాత ఎవరు’ అనే ప్రశ్న ఎక్కడ పుట్టి మన దాకా ఎట్లా వచ్చిందో రాయాలనిపించింది.

మొదట్లో క్లబ్బులకు కోచ్ అనే మనిషే లేడు. ఇంగ్లండ్‌లో జట్టును కమిటీ పెద్దలు ఎంపిక చేసేవాళ్లు, కెప్టెన్ నడిపించేవాడు. 1886లో బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ విల్లా క్లబ్ జీతమిచ్చి ఒక కార్యదర్శిని పెట్టుకోవాలనుకుంది. ఆ ఉద్యోగం దొరికింది ఆ క్లబ్బుకే ఆడిన స్కాట్లండ్ మనిషి జార్జ్ రామ్సేకు. ఆయన ఉన్న నాలుగు దశాబ్దాల్లో విల్లా ఆరు లీగ్ టైటిళ్లు, ఆరు ఎఫ్ఏ కప్పులు గెలిచింది. అయినా ఎవరు ఆడాలన్న నిర్ణయం ఇంకా కమిటీ చేతిలోనే ఉండేది.

ఆ అధికారాన్ని ఒక్క మనిషి చేతికి తెచ్చినవాళ్లలో ముందు చెప్పుకోవలసింది హెర్బర్ట్ చాప్‌మన్. 1925లో ఆర్సెనల్‌కు వచ్చి ఎంపిక, వ్యూహం, శిక్షణ అన్నీ తన కిందికి తెచ్చుకున్నాడు. 1934 జనవరిలో, పదవిలో ఉండగానే న్యుమోనియాతో చనిపోయాడు. ‘తర్వాత ఎవరు’ అన్న ప్రశ్న అంత బరువుగా పడినా ఆర్సెనల్ తడబడలేదు. చాప్‌మన్ పక్కనే పనిచేసిన జో షా ఆ సీజన్‌ను నడిపించాడు, ఆపై జార్జ్ అలిసన్ బాధ్యత తీసుకున్నాడు. 1933, 1934, 1935 మూడేళ్లూ లీగ్ వాళ్లదే. మనిషి పోయినా ఆయన కట్టిన పద్ధతి మిగిలింది. హైదరాబాద్ కథను దీని పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో పుట్టాడు. వృత్తిరీత్యా బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పి, సాయంత్రాలు మైదానంలో గడిపిన మనిషి. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయి, చనిపోయేదాకా ఆ పదవిలోనే ఉన్నాడు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు ఆయనకంటే ముందు నార్బర్ట్ ఆండ్రూ ఫ్రూవాల్ కోచ్. ఆయన చేతుల నుంచి రహీం సాబ్ అందుకున్న జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. బొంబాయిలో జరిగే ఆ టోర్నీకి అప్పట్లో దేశంలోని పెద్ద జట్లన్నీ వచ్చేవి. 1950లో డ్యూరాండ్ కప్ కూడా మన పోలీసులదే.

ఆయన పద్ధతి బడి పద్ధతే. ఎడమ కాలు బలహీనంగా ఉన్న ఆటగాళ్ల కోసం ఆ కాలితోనే తన్నాలని షరతు పెట్టి పోటీలు జరిపేవాడు. డ్రిబ్లింగ్ చెయ్యకుండా ఒక్క తాకిడితోనే బంతి అందించాలని మరో పోటీ. కుర్రాళ్లు ఆటలో మునిగి ఉండగానే లోపం దిద్దుకునేది. 1950 నుంచి భారత జట్టు బాధ్యత కూడా ఆయన మీద పడింది. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం వచ్చింది. ఆ మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయాం, మనవాళ్లలో చాలామంది వట్టికాళ్లతో ఆడారు. అంత పెద్ద ఓటమి తర్వాత ఇవాళ్టి కోచ్ ఎవరైనా వారంలో ఇంటికి పోవలసిందే. రహీం సాబ్ ఉన్నాడు, నేర్చుకున్నాడు, నేర్పించాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో హైదరాబాద్, సికింద్రాబాద్ కుర్రాళ్లు గుంపుగా ఉన్నారు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం వాళ్లలో ఒకడు.

1962లో ఆసియా క్రీడలకు జకార్తా వెళ్లేనాటికే ఆయన ఒంట్లో క్యాన్సర్ ఉంది. అక్కడి జనం మనవాళ్ల మీద కోపంగా ఉన్నారు, కారణం ఆట కాదు, ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఆ క్రీడలకు రానివ్వకపోవడం మీద మన అధికారి ఒకరు పెట్టిన అభ్యంతరం. తలకు దెబ్బ తగిలిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం సాబ్ ముందు వరుసలోకి పంపాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం, రెండు గోల్స్‌లో ఒకటి పీకే బెనర్జీది, రెండోది ఆ జర్నైల్ సింగ్‌ది. అంతటి నిర్ణయానికి ధైర్యంతో పాటు ఏ కుర్రాడి కాలు ఏం చెయ్యగలదో ఏళ్ల తరబడి చూసిన కన్ను కావాలి. 1963 జూన్ 11న ఆయన చనిపోయాడు. వయసు 53.

మనకు ‘తర్వాత ఎవరు’ అన్న ప్రశ్న నిజంగా మొదలైంది ఆ రోజే.

దేశానికి జవాబు ఇంగ్లండ్ నుంచి వచ్చింది. హ్యారీ రైట్ కోచ్‌గా 1964 ఆసియా కప్‌లో భారత్ రెండో స్థానం తెచ్చుకుంది. రాష్ట్ర జట్టు 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచింది, అప్పటికి అది ఆంధ్రప్రదేశ్ జట్టు. ఇవన్నీ రహీం సాబ్ నాటిన విత్తనాల పంటే అని నా నమ్మకం. ఆయన దగ్గర నేర్చుకున్న అల్బెర్టో ఫెర్నాండో 1964లో కోచింగ్ శిక్షణకు బ్రెజిల్ వెళ్లి, అక్కడ చెప్పిన సంగతులు రహీం 1956లోనే తమకు చెప్పేశాడని తర్వాత తలచుకునేవాడు.

అయితే ఆ పంటను కోసుకున్నది ఎవరు? నేను ఎక్కువసేపు ఆగాలనుకున్నది ఇక్కడే. సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాదీ. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టు కెప్టెన్. కోచ్‌గా ఆయన్ను పిలిచింది కోల్‌కతా, 1990లో ఈస్ట్ బెంగాల్‌కు ఒకే సీజన్‌లో మూడు పెద్ద ట్రోఫీలు తెచ్చిపెట్టాడు, ద్రోణాచార్య పురస్కారం అందుకున్నాడు, భారత జట్టుకూ కోచ్ అయ్యాడు. షబ్బీర్ అలీదీ హైదరాబాదే. 1998-99లో గోవాలోని సల్గావ్‌కర్‌ను జాతీయ లీగ్ చాంపియన్‌గా నిలిపింది ఆయనే. మహమ్మద్ హబీబ్ కోల్‌కతా అభిమానులు గుండెల్లో పెట్టుకున్న ఆటగాడు, తర్వాత జంషెడ్‌పూర్‌లో టాటా అకాడమీ కుర్రాళ్లకు గురువు. రహీం సాబ్ కొడుకు సయ్యద్ షాహిద్ హకీం వాయుసేనలో పనిచేసి, ఫిఫా రిఫరీగా ఉండి, కోచ్‌గా గోవా దాకా వెళ్లాడు.

అంటే తర్వాతి కోచ్ ఎవరని కోల్‌కతా, గోవా క్లబ్బులు వాదించుకుంటున్నప్పుడు అక్కడ వినిపించిన పేర్లలో మన పేర్లున్నాయి. మన దగ్గర మాత్రం ఆ వాదన పెట్టుకోవడానికి క్లబ్బే లేకుండా పోయింది. సిటీ పోలీస్ జట్టు వైభవం తగ్గింది, మంచి ఆటగాళ్లు జీతాల కోసం కోల్‌కతా రైలెక్కారు, మైదానాలు ఒక్కొక్కటిగా కుంచించుకుపోయాయి. అభిమాని వాదించాలంటే ముందు తనదనుకునే జట్టు ఒకటి ఉండాలి కదా.

2019లో ఆ జట్టు వచ్చింది. మూతపడిన పుణె క్లబ్ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్‌లో అడుగుపెట్టింది, గచ్చిబౌలి స్టేడియం డెక్కన్ లీజియన్ అనే అభిమానుల బృందంతో పసుపుమయమైంది. మొదటి కోచ్ ఇంగ్లండ్‌కు చెందిన ఫిల్ బ్రౌన్. 12 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలుపు, 2020 జనవరిలో పంపించేశారు. ఆల్బెర్ట్ రోకా వస్తున్నాడంటే అభిమానులకు ప్రాణం లేచొచ్చింది, బెంగళూరును 2016లో ఏఎఫ్‌సీ కప్ ఫైనల్‌కు తీసుకెళ్లినవాడాయె. ఆగస్టులో బార్సిలోనా పిలిస్తే ఆయన వెళ్లిపోయాడు. సీజన్ ముంగిట్లో, కోవిడ్ మధ్యలో, మళ్లీ అదే ప్రశ్న.

జవాబుగా వచ్చిన మనోలో మార్కెజ్‌కు పెద్ద పేరు లేదు. స్పెయిన్ లాలిగాలో లాస్ పాల్మాస్‌ను 2017లో కొన్ని వారాలే నడిపినవాడు. కానీ ఆయన భారత కుర్రాళ్ల మీద నమ్మకం పెట్టాడు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో లాంటివాళ్లు ఆయన చేతిలో ఎదిగారు. మణిపూర్ కుర్రాడు మహమ్మద్ యాసిర్‌కు చోటు దొరికింది. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. 88వ నిమిషంలో సాహిల్ తవోరా స్కోరు సమం చేశాడు, పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి గోడలా నిలబడ్డాడు, 3-1తో కప్పు మనదైంది. రహీం సాబ్ ఊరికి దేశంలోని అతిపెద్ద లీగ్ టైటిల్ రావడం అదే మొదలు.

ఆ తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను, తలచుకుంటే కష్టంగా ఉంటుంది. 2023లో మనోలో గోవాకు వెళ్లాడు. ఐర్లండ్‌కు చెందిన కానర్ నెస్టర్, ఆపై తాంగ్‌బోయ్ సింగ్టో వచ్చారు. జీతాలు అందక విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు, 2023-24 లీగ్‌లో 22 మ్యాచ్‌లకు ఒక్క గెలుపు. యాజమాన్యం మారింది. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఆరేళ్లలో కోచ్‌ను మార్చాలా అన్న ప్రశ్న క్లబ్ ఉంటుందా అన్న ప్రశ్నగా మారి, చివరికి అదీ మిగల్లేదు. అభిమానుల తప్పేమీ లేకుండానే ఇదంతా జరిగింది.

అదే 2025లో దేశం మొత్తం ఈ వాదనలో పడింది. మనోలో అప్పటికి భారత కోచ్. హాంకాంగ్ చేతిలో ఓటమి తర్వాత జూలైలో తప్పుకున్నాడు. ఆ పదవికి 170 దరఖాస్తులు వచ్చాయన్నారు. స్పెయిన్ దిగ్గజం చావీ పేరుతో వచ్చిన దరఖాస్తు మీద రోజుల తరబడి చర్చ నడిచింది, చివరికి అది నకిలీదని జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్యే చెప్పింది. ఆగస్టు 1న ఆ పదవి ఖాలిద్ జమీల్‌కు దక్కింది. కువైట్‌లో పుట్టిన మనిషి, 2012 తర్వాత భారత జట్టు పూర్తికాల బాధ్యత అందుకున్న మొదటి భారతీయుడు. సెప్టెంబర్‌లో సెంట్రల్ ఆసియా టోర్నీలో మూడో స్థానం తెచ్చాడు, అక్టోబర్‌లో గోవాలో సింగపూర్ చేతిలో ఓడి 2027 ఆసియా కప్ దారి మూసుకుపోయింది. వాదన మళ్లీ మొదలైంది.

ఈ చరిత్ర అంతా చదివాక నాకు అర్థమైంది ఒకటే. మనకు పేరున్న కోచ్ దొరికిన రోజులున్నాయి, దొరకని రోజులున్నాయి. కానీ 1943 నుంచి 1963 దాకా మైదానంలో రోజూ సాయంత్రం ఒక బడిపంతులు ఉన్నాడు, అందుకే ఆ తర్వాతి నలభై ఏళ్లు దేశమంతా కోచ్‌ల కోసం హైదరాబాద్ వైపు చూసింది. మనకు పక్క జిల్లా నిజామాబాద్ నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య 2024-25కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా ఎంపికైంది. తండా నుంచి భారత జట్టు దాకా పోయిన ఆ ప్రయాణం కూడా జిల్లాలో ఒక మంచి గురువు దొరకడంతోనే మొదలైంది.

జాతీయ సమాఖ్య శిక్షణ మెట్లలో డీ లైసెన్స్ అనే కోర్సు ఉంది, పిల్లలకు నేర్పాలనుకునేవాళ్లు కింది మెట్ల నుంచే ఎక్కాలి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో ఫుట్‌బాల్ ప్రేమికులకు, సెలవు మీద ఇంటికొచ్చే గల్ఫ్ అన్నలకు నా విన్నపం ఇది: ఈసారి మీరు చదువుకున్న బడికి పోయినప్పుడు అక్కడి పీఈటీ సారునో మేడంనో కలవండి, ఆ కోర్సుకు వెళ్లడానికి ఇష్టమేమో అడగండి, ఇష్టమంటే ఫీజు, దారిఖర్చులు మీరు పెట్టుకోండి.