థర్మల్ పేస్ట్

థర్మల్ పేస్ట్ అనేది కంప్యూటరులోని ప్రాసెసరుకు, దానిపై అమర్చే కూలరుకు మధ్య పూసే ఉష్ణవాహక లేపనము. దీనిని థర్మల్ గ్రీజు, థర్మల్ కాంపౌండ్ అని కూడా అంటారు. ఇది జిగురు కాదు. కూలరును పట్టి ఉంచేవి స్క్రూలు లేదా క్లిప్పులు. రెండు లోహపు ఉపరితలాల మధ్య గాలి నిలిచే ఖాళీలను నింపటమే దీని పని.

అవసరము

ప్రాసెసరు పైమూత, కూలరు అడుగుభాగము కంటికి నున్నగా కనిపించినా వాటిపై సూక్ష్మమైన ఎత్తుపల్లాలు ఉంటాయి. గట్టిగా నొక్కినా అవి కొన్ని చోట్ల మాత్రమే తాకుతాయి. మిగిలిన చోట గాలి ఉంటుంది. ఉష్ణవాహకత్వమును మీటరు-కెల్విన్‌కు వాట్లలో కొలిస్తే గాలిది సుమారు 0.026, రాగిది సుమారు 400. సాధారణ పేస్టులది కొద్ది వాట్లు మాత్రమే. అనగా పేస్టు గాలి కంటే ఎన్నో రెట్లు మేలైనది, రాగి కంటే చాలా తక్కువది. అందువలన ఖాళీలు నిండేంత పలుచని పొర చాలు. పొర మందమైతే అదే వేడికి అడ్డమవుతుంది.

వేడి బయటకు పోనప్పుడు ఆధునిక ప్రాసెసర్లు తమ వేగమును తామే తగ్గించుకుంటాయి. ఉష్ణోగ్రత హద్దు దాటితే కంప్యూటరు ఆగిపోతుంది.

రకాలు

* సాధారణ పేస్టు: సిలికోన్ నూనెలో జింక్ ఆక్సైడు, అల్యూమినియమ్ ఆక్సైడు వంటి పొడులను కలిపి తయారుచేస్తారు. ఎక్కువగా వాడేది ఇదే.
* వెండి కలిపిన పేస్టు: ఇందులో సన్నని వెండి పొడి ఉంటుంది.
* ద్రవలోహము: గాలియమ్ మిశ్రమము. వేడిని బాగా ప్రసరింపజేస్తుంది. 2020లో విడుదలైన ప్లేస్టేషన్ 5లో దీనిని వాడారు.

పూసే విధానము

# పాత పేస్టు ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో, నూలు రాలని గుడ్డతో రెండు ఉపరితలాలనూ తుడిచి ఆరనివ్వాలి.
# కూలరు అడుగున రక్షణగా అంటించిన ప్లాస్టిక్ పొరను తీసివేయాలి. దీనిని మరచిపోవటం తరచుగా జరిగే పొరపాటు.
# ప్రాసెసరు మధ్యభాగాన చిన్న బఠాణీ గింజంత పేస్టు ఉంచాలి. వైశాల్యము ఎక్కువగా ఉన్న ప్రాసెసర్లకు మరికొంత అవసరము.
# కూలరును నిటారుగా దించి, స్క్రూలను ఎదురెదురు మూలలుగా కొద్దికొద్దిగా బిగించాలి. ఒత్తిడికి పేస్టు తానే పరచుకుంటుంది.
# ఫ్యాను తీగను మదర్‌బోర్డుకు కలిపి, కంప్యూటరును నడిపి ఉష్ణోగ్రతను పరిశీలించాలి.

కొన్ని కూలర్లకు తయారీలోనే పేస్టు పూసి ఉంటుంది. వాటికి మరల పూయనవసరము లేదు.

జాగ్రత్తలు

ద్రవలోహము విద్యుత్తును ప్రసరింపజేస్తుంది కనుక బొట్టు జారి మదర్‌బోర్డుపై పడితే షార్ట్ సర్క్యూట్ కావచ్చు. గాలియమ్ అల్యూమినియమును పెళుసుగా మార్చి పాడుచేస్తుంది కనుక అల్యూమినియమ్ అడుగు గల కూలర్లకు దీనిని వాడరాదు.

కొన్నేళ్ళకు పేస్టు ఎండి గట్టిపడుతుంది. అటువంటి కూలరును ఒక్కసారిగా పైకి లాగరాదు. ఏఎమ్‌డి ఏఎమ్4 వంటి సాకెట్లలో పిన్నులు ప్రాసెసరుకే ఉంటాయి. లాగినప్పుడు ప్రాసెసరు కూలరుకు అంటుకొని సాకెట్టు నుండి ఊడివచ్చి పిన్నులు వంగే ప్రమాదము ఉంది. కంప్యూటరును కాసేపు నడిపి పేస్టు మెత్తబడిన తరువాత ఆపి, విద్యుత్ తీగను తొలగించి, కూలరును అటూఇటూ మెల్లగా తిప్పి తీయాలి. తీసిన ప్రతిసారీ పాత పేస్టును తుడిచి కొత్తది పూయాలి.