సింగీతం శ్రీనివాసరావు: తెలుగు తెరపై కాలయంత్రం

సింగీతం శ్రీనివాసరావు (జననం: 1931 సెప్టెంబరు 21, ఉదయగిరి, నెల్లూరు జిల్లా) తెలుగు, తమిళ, కన్నడ సినిమాల దర్శకుడు, రచయిత. తెలుగు సినిమాలో సైన్స్ ఫిక్షన్ గురించి ఎవరు మాట్లాడినా ముందుగా తలచుకునే పేరు ఆయనదే. 1991లో వచ్చిన 'ఆదిత్య 369'కు కథ, దర్శకత్వం ఆయనవి. ఆ తరవాత 33 ఏళ్లకు, 2024లో విడుదలైన 'కల్కి 2898 ఏడీ'కి మార్గదర్శకుడిగా వ్యవహరించారు. మొదటి సినిమాను అమ్మానాన్నల పక్కన కూర్చుని చూసిన పిల్లలు రెండోదానికి తమ పిల్లల్ని తీసుకెళ్లారు.

ఇంత సుదీర్ఘమైన అనుబంధం ఇతర దేశాల్లోనూ అరుదు. బ్రిటన్‌లో నటుడు బెర్నార్డ్ క్రిబిన్స్‌ను ఇలాగే గుర్తుచేసుకుంటారు. బీబీసీ 1963 నవంబరు 23న ప్రారంభించిన 'డాక్టర్ హూ' అనే కాలప్రయాణ ధారావాహిక ఆధారంగా 1966లో తీసిన ఒక సినిమాలో ఆయన టామ్ క్యాంప్‌బెల్ అనే పోలీసు వేషం వేశారు. 41 ఏళ్లు గడిచాక, 2007 క్రిస్మస్ ప్రత్యేక భాగంలో విల్ఫ్రెడ్ మాట్ అనే పత్రికలమ్మే వృద్ధుడిగా కనిపించారు. కథానాయిక తండ్రి పాత్ర పోషిస్తున్న హోవర్డ్ ఆట్‌ఫీల్డ్ మరణించడంతో, ఈ వృద్ధుణ్నే ఆమెకు తాతను చేసి కథ నడిపారు. ఆ తాత పాత్రే చివరికి ధారావాహికలో అందరికీ ఇష్టమైన పాత్రల్లో ఒకటైంది. క్రిబిన్స్ 2022 జులైలో 93 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అంతకుముందే చిత్రీకరించిన ఆయన సన్నివేశం 2023 డిసెంబరులో ప్రసారమైంది. క్రిబిన్స్ తెర మీద నిలిచిన మనిషి, సింగీతం తెర వెనక నిలిచిన మనిషి. ఇద్దరూ కాలంలో ప్రయాణించే కథలతోనే రెండు తరాలకు దగ్గరయ్యారు.

కె.వి.రెడ్డి శిష్యరికం

సింగీతం మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివారు. సూళ్లూరుపేటలో కొంతకాలం ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ నాటకాలు రాసి ఆడించారు. అక్కడి నుంచి దర్శకుడు కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా చేరారు. 1957లో వచ్చిన 'మాయాబజార్' ఆ రోజుల్లో పనిచేసిన సినిమాయే. ఆయన సైన్స్ ఫిక్షన్‌కు వేళ్లు అక్కడున్నాయి. 'మాయాబజార్'లో ప్రియదర్శిని అనే పెట్టె ఉంటుంది. మూత తెరిస్తే మనసుకు నచ్చినవాళ్లు అందులో కనిపిస్తారు. తరవాతి కాలంలో వీడియో కాల్ చేతికొచ్చినప్పుడు చాలామందికి ఆ పెట్టే గుర్తుకొచ్చింది. నమ్మశక్యం కానిదాన్ని ఇంట్లో వస్తువంత సహజంగా చూపించడం, దాని చుట్టూ మనుషుల ముచ్చట్లు, అలకలు, హాస్యం అల్లడం కె.వి.రెడ్డి పద్ధతి. శిష్యుడు దాన్ని వదల్లేదు.

దర్శకుడిగా తొలి సినిమా 'నీతి నిజాయితీ' 1972లో వచ్చింది. మాటల్లేని 'పుష్పక విమానం' (1987), కమల్ హాసన్‌ను పొట్టివాడిగా చూపిన 'అపూర్వ సహోదరర్గళ్' (1989) ఆయన్ని దేశమంతటా పరిచయం చేశాయి. సాంకేతికంగా కష్టమైన పనిని ప్రేక్షకుడికి ఆ కష్టం కనబడకుండా చేయగల దర్శకుడన్న పేరు అప్పటికే స్థిరపడింది.

ఆదిత్య 369

కాలేజీ రోజుల్లో చదివిన హెచ్.జి.వెల్స్ నవల 'ది టైమ్ మెషీన్' (1895) సింగీతం మనసులో దశాబ్దాల పాటు ఉండిపోయింది. ఒక విమాన ప్రయాణంలో గాయకుడు ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యంతో ఆ ఆలోచన పంచుకున్నారు. బాలు ఉత్సాహపడి నిర్మాత శివలెంక కృష్ణప్రసాద్‌కు చెప్పారు. శ్రీదేవి మూవీస్ పతాకంపై సినిమా తయారైంది, బాలు సమర్పకుడయ్యారు. నందమూరి బాలకృష్ణ, మోహిని నాయికానాయకులు. కాలయంత్రం తయారుచేసిన ప్రొఫెసర్ రాందాసుగా టీనూ ఆనంద్, పురావస్తువులు కాజేసే రాజావర్మగా అమ్రీష్ పురి నటించారు. మాటలు జంధ్యాల, సంగీతం ఇళయరాజా. 1991 జులై 18న విడుదలైంది.

ఈ సినిమా కెమెరా పని కథ వినదగ్గది. మొదట పి.సి.శ్రీరామ్ వర్తమాన కాలపు భాగం తీశారు. ఆయన అస్వస్థతకు గురవడంతో విజయనగర భాగాన్ని వి.ఎస్.ఆర్.స్వామి, భవిష్యత్తు భాగాన్ని కబీర్‌లాల్ తీశారు. అవసరం కొద్దీ జరిగిన ఏర్పాటే అయినా మూడు కాలాలకు మూడు వేర్వేరు చూపులు అమరాయి. కాలయంత్రం సెట్టును పేకేటి రంగా తీర్చిదిద్దారు. కంప్యూటర్ గ్రాఫిక్స్ సాయం లేని కాలమది. చెక్క, లోహం, దీపాల వెలుగుతో నిలబెట్టిన ఆ యంత్రం ఈనాటికీ చూడముచ్చటగా ఉంటుంది.

యంత్రం మొదట చేరేది 1526వ సంవత్సరానికి, శ్రీకృష్ణదేవరాయల కొలువుకు. వెల్స్ నవలలోని ప్రయాణికుడు ముందుకే వెళతాడు, లక్షల ఏళ్ల అవతలికి. సింగీతం ముందు వెనక్కి వెళ్లారు. ఈ ఒక్క నిర్ణయమే 'ఆదిత్య 369'ను అరువు కథ కాకుండా కాపాడింది. తెలుగు ప్రేక్షకుడికి భువనవిజయం కొత్త లోకమేమీ కాదు. చాటు పద్యాల్లో, తెనాలి రామకృష్ణుడి కథల్లో చిన్నప్పటి నుంచీ తిరిగిన చోటే. 'తెనాలి రామకృష్ణ' (1956), 'మహామంత్రి తిమ్మరుసు' (1962) సినిమాల్లో రాయలుగా ఎన్.టి.రామారావును చూసిన కళ్లకు, ఇప్పుడు ఆయన కొడుకు అదే కిరీటంతో కనిపించాడు. పైగా అదే బాలకృష్ణ ఈ కాలపు యువకుడిగా సభలోకి అడుగుపెట్టి రాయల ఎదుట నిలబడతాడు. తెనాలి రామకృష్ణుడిగా చంద్రమోహన్, రాజనర్తకిగా సిల్క్ స్మిత ఆ కొలువును నింపారు. పాత తరం గాయని జిక్కి గొంతును ఇళయరాజా ఈ భాగం పాటలోకి తీసుకొచ్చారు. సైన్స్ ఫిక్షన్ అనే పేరు ఎన్నడూ వినని ముసలివాళ్లు సైతం ఆ సన్నివేశాలకు కళ్లప్పగించడానికి ఇవన్నీ కారణాలే.

'డాక్టర్ హూ' మొదటి ఏడాది కూడా ఇటువంటి ఆలోచనతోనే నడిచింది. పిల్లలకు చరిత్ర, విజ్ఞానం పరిచయం చేయాలన్న ఉద్దేశంతో మార్కో పోలో కాలానికీ, అజ్‌టెక్‌ల కాలానికీ కథను తీసుకెళ్లారు. అక్కడ చరిత్ర పాఠంలా వచ్చింది. సింగీతం చేతిలో అది పండగలా వచ్చింది, అందుకే నిలిచింది.

రెండో ప్రయాణం 2504వ సంవత్సరానికి. అణుయుద్ధం తరవాత రేడియేషన్‌కు భయపడి జనం నేల కింద బతుకుతుంటారు. విజయనగర భాగంలో ఉన్న ప్రాణం ఇక్కడ కొంత తగ్గిందనే చెప్పాలి. అయినా ప్రచ్ఛన్న యుద్ధం ఇంకా పూర్తిగా ముగియని రోజుల్లో, పిల్లలు కేరింతలు కొట్టే వినోద చిత్రంలో అణ్వస్త్రాల ముప్పును చూపడం చిన్న విషయం కాదు.

నడిగడ్డ నుంచి

ఈ సినిమాను అలంపూరులో చూసినవారికి 1526 మరీ దూరంగా అనిపించదు. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల, అలంపూరు ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. చరిత్రకారులు రాయచూరు అంతర్వేది అనే భూభాగానికి తూర్పు కొస ఇదే. ఈ అంతర్వేది కోసం విజయనగర రాజులు, బహమనీలు, ఆ తరవాత బీజాపూరు సుల్తానులు తరాల తరబడి పోరాడారు. 1520లో రాయచూరు దగ్గర కృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్‌షాను ఓడించారు. సినిమాలోని యంత్రం దిగిన ఏడాదికి ఆ విజయం ఆరేళ్ల నాటి మాట. హంపీ పక్కన పారే తుంగభద్రే దిగువకు వచ్చి అలంపూరు గుళ్లను తాకుతూ కృష్ణలో కలుస్తుంది. బాదామి చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మ ఆలయాలున్న ఈ ఊరిలోని నరసింహాలయంలో రాయల కాలపు శాసనం ఉంది. మ్యూజియంలోని రాయల కాలపు వజ్రాన్ని దొంగిలించాలని చూసే రాజావర్మ కథ, చారిత్రక శిల్పాల మధ్య పెరిగిన ఈ ఊరివాళ్లకు ఉత్త కల్పనగా తోచకపోవచ్చు. అలంపూరులోనూ శిల్పాలను, శాసనాలను భద్రపరిచిన మ్యూజియం ఉంది.

కల్కి వరకు

'ఆదిత్య 369' విజయం తరవాత సింగీతం 1994లో 'భైరవద్వీపం' తీసి జానపదం వైపు మళ్లారు. సైన్స్ ఫిక్షన్ కథలు తెలుగులో మళ్లీ ఊపందుకోవడానికి చాలా కాలం పట్టింది. 2018 డిసెంబరులో సంకల్ప్ రెడ్డి 'అంతరిక్షం 9000 కేఎంపీహెచ్' వచ్చింది. 2022లో సుమారు నెల రోజుల వ్యవధిలో 'బింబిసార', 'ఒకే ఒక జీవితం' రెండూ కాలంలో ప్రయాణించాయి. మొదటిది రాజుల కాలం నుంచి ఈ కాలానికి వస్తే, రెండోది చనిపోయిన తల్లిని మళ్లీ చూడడానికి బాల్యంలోకి వెళుతుంది. రెండింటిలోనూ 'ఆదిత్య 369' చూపిన దారే ఉంది: యంత్రం ఎంత వింతదైనా ప్రయాణం మనకు తెలిసిన మనుషుల దగ్గరికి సాగాలి.

దర్శకుడు నాగ్ అశ్విన్ తన 'మహానటి' (2018)లో యువ సింగీతం పాత్రను తరుణ్ భాస్కర్ చేత వేయించారు. ఆ తరవాత వైజయంతీ మూవీస్ నిర్మాణంలో ప్రభాస్ కథానాయకుడిగా సైన్స్ ఫిక్షన్ తలపెట్టినప్పుడు సింగీతాన్నే మార్గదర్శకుడిగా పిలిచారు. 2020లో ఈ సంగతి ప్రకటించేనాటికి ఆయన తొంభయ్యో పడికి చేరువలో ఉన్నారు. 2024 జూన్ 27న విడుదలైన 'కల్కి 2898 ఏడీ' కురుక్షేత్రంలో మొదలై, సుమారు 6,000 ఏళ్ల తరవాతి కాశీలో నడుస్తుంది. అశ్వత్థామగా అమితాబ్ బచ్చన్, సుప్రీం యాస్కిన్‌గా కమల్ హాసన్ నటించారు. ఎంత ముందుకు వెళ్లినా పురాణాన్ని వెంట తీసుకెళ్లడం 'మాయాబజార్' నుంచి వస్తున్న అలవాటే. కె.వి.రెడ్డి సెట్‌లో సహాయకుడిగా నిలబడిన మనిషి, ప్రభాస్ సినిమాకు సలహాదారుగా కూర్చోవడం తెలుగు సినిమా గర్వంగా చెప్పుకోదగ్గ సంగతి.

'ఆదిత్య 369'కు కొనసాగింపుగా 'ఆదిత్య 999' తీయాలన్న కోరికను బాలకృష్ణ పలుమార్లు వెల్లడించారు. అందులో తన కుమారుడు మోక్షజ్ఞ నటిస్తాడని కూడా ప్రకటించారు. పాత సినిమాను 4కే నాణ్యతకు మార్చి 2025 ఏప్రిల్ 4న థియేటర్లలో మళ్లీ విడుదల చేశారు.