పాఠశాల గణితములో సాంఖ్యక శాస్త్రము, సంభావ్యత

సమాచారాన్ని సంఖ్యల రూపంలో సేకరించి, వర్గీకరించి, విశ్లేషించి, దాని నుండి నిర్ణయాలు రాబట్టే శాస్త్రాన్ని సాంఖ్యక శాస్త్రము అంటారు. ఒక సంఘటన జరగడానికి ఉన్న అవకాశాన్ని 0 నుండి 1 వరకు గల సంఖ్యతో కొలవడాన్ని సంభావ్యత అంటారు. ఈ రెండూ పాఠశాల గణితములో భాగములు. ప్రాథమికోన్నత తరగతులలో "దత్తాంశ నిర్వహణ" పేరుతో గణన చిహ్నాలు, పట చిత్రాలు, కమ్మీ చిత్రాలు మొదలై, ఉన్నత పాఠశాల తరగతులలో పౌనఃపున్య విభాజనము, సోపాన చిత్రము, సంభావ్యతల వరకు సాగుతాయి. విజయవాడ, కృష్ణా డెల్టా ప్రాంతములోని పొలాలు, ఆటలు, వరదలు ఈ పాఠాలకు చక్కని ఉదాహరణలు.

కేంద్రీయ స్థాన విలువలు

దత్తాంశము అంతటికీ ప్రతినిధిగా నిలిచే విలువలు మూడు:

అంకమధ్యమము (సగటు): రాశుల మొత్తాన్ని రాశుల సంఖ్యతో భాగించగా వచ్చేది.
మధ్యగతము: రాశులను ఆరోహణ క్రమంలో వ్రాసినపుడు నడుమ ఉండేది. రాశుల సంఖ్య సరిసంఖ్య అయితే నడిమి రెండు రాశుల సగటు.
బాహుళకము: ఎక్కువసార్లు వచ్చే రాశి.

ఉదాహరణకు డెల్టాలోని ఒక ఊహాజనిత గ్రామములో పదిమంది రైతులకు వరుసగా 1, 1, 1, 2, 2, 3, 3, 4, 5, 28 ఎకరాలు ఉన్నాయనుకొందాము. మొత్తము 50 ఎకరాలు కనుక సగటు 5 ఎకరాలు. మధ్యగతము 2.5, బాహుళకము 1. పదిమందిలో తొమ్మిదిమందికి సగటును మించిన భూమి లేదు. చివరి రైతు భూమి 28కి బదులు 48 ఎకరాలైతే సగటు 7కు పెరుగుతుంది, మధ్యగతము మారదు. అందువలన అసాధారణమైన రాశులు ఉన్నపుడు సగటు ఒక్కటే చెప్పడము తప్పుదారి పట్టించగలదు.

రేఖాచిత్రములు

విడివిడి అంశాలను పోల్చడానికి కమ్మీ చిత్రము, తరగతులుగా విభజించిన దత్తాంశానికి సోపాన చిత్రము, మొత్తములో భాగాలను చూపడానికి వృత్తరేఖా చిత్రము ఉపయోగిస్తారు. చిత్రము గీయడములో స్కేలు ముఖ్యమైనది.

1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజి వద్ద 2009 అక్టోబరులో గరిష్ఠ వరద ప్రవాహము సుమారు 11.10 లక్షల క్యూసెక్కులు, 2024 సెప్టెంబరులో సుమారు 11.43 లక్షల క్యూసెక్కులు. (సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు ప్రవహిస్తే ఒక క్యూసెక్కు.) నిలువు అక్షాన్ని సున్నా నుండి మొదలుపెట్టి రెండు కమ్మీలు గీస్తే అవి దాదాపు సమానంగా కనిపిస్తాయి, తేడా 3 శాతము మాత్రమే. అదే అక్షాన్ని 11 లక్షల నుండి మొదలుపెడితే రెండవ కమ్మీ మొదటిదానికి నాలుగు రెట్లకు పైగా ఉంటుంది. సంఖ్యలు మారలేదు, చూపరి అభిప్రాయము మారినది. కనుక కమ్మీ చిత్రాన్ని చదివే ముందు అక్షము ఎక్కడ మొదలైనదో చూడవలెను.

సంభావ్యత

అన్ని పర్యవసానాలు సమసంభవములైతే, అనుకూల పర్యవసానాల సంఖ్యను మొత్తము పర్యవసానాల సంఖ్యతో భాగించగా సంభావ్యత వస్తుంది. నాణెము ఎగురవేస్తే బొమ్మ పడే సంభావ్యత 1/2.

అష్టాచెమ్మా ఆటలో నాలుగు గవ్వలు వేస్తారు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా (4), నాలుగూ బోర్లా పడితే అష్టా (8). ప్రతి గవ్వా రెండు విధాలుగానూ సమానంగా పడుతుందనుకొంటే మొత్తము 16 పర్యవసానాలు. చెమ్మా సంభావ్యత 1/16, అష్టా సంభావ్యత 1/16, రెండు పడే సంభావ్యత 6/16. అయితే గవ్వ రెండు వైపులా ఒకే ఆకారములో ఉండదు. అందుచేత ఒక గవ్వను వంద లేక రెండు వందల సార్లు వేసి, ఫలితాలను గణన చిహ్నాలతో నమోదు చేసి అంచనా కట్టవలెను. దీనిని ప్రాయోగిక సంభావ్యత అంటారు.

"వందేళ్ళ వరద"

ఏ సంవత్సరములోనైనా వచ్చే సంభావ్యత 1/100గా గల వరదను "వందేళ్ళ వరద" అంటారు. ఒకసారి వస్తే మరి వందేళ్ళు రాదని దీని అర్థము కాదు. ఒక ఏడాది రాకుండా ఉండే సంభావ్యత 0.99. ఏ ఏడాదికి ఆ ఏడాది స్వతంత్రమనుకొంటే, 30 ఏళ్ళపాటు ఒక్కసారీ రాకుండా ఉండే సంభావ్యత 0.99ను 30 సార్లు గుణించగా వచ్చే 0.74. అనగా ఆ వరద ముప్పు ఉన్నచోట 30 ఏళ్ళు నివసించే కుటుంబము దానిని కనీసము ఒకసారి చూసే సంభావ్యత సుమారు 0.26, నాలుగింట ఒక వంతుకు పైగా. ఇల్లు ఎక్కడ కట్టుకోవాలన్న నిర్ణయానికి ఈ లెక్క అవసరము.

ఏ దత్తాంశము సేకరించాలన్నది కూడా ముఖ్యమే. 2024 సెప్టెంబరు మొదటి రోజులలో విజయవాడలోని సింగ్ నగర్ పరిసరాలను ముంచినది ప్రధానముగా కొల్లేరు వైపు పారే బుడమేరు. కృష్ణా ప్రవాహపు లెక్కలు మాత్రమే చూసినవారికి ఆ ముప్పు కనిపించదు.

సి.ఆర్.రావు

ప్రఖ్యాత సాంఖ్యక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు (1920-2023) పాఠశాల విద్య కొంత భాగము నూజివీడు, నందిగామలలో సాగినది. ఆంధ్ర విశ్వవిద్యాలయములో గణితము చదివి, కలకత్తాలోని భారతీయ సాంఖ్యక సంస్థలో చేరినాడు. 1945లో ప్రచురించిన పరిశోధన పత్రము ద్వారా క్రామర్-రావు అవధి, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతాలకు ఆయన పేరు చేరినది. 2001లో పద్మ విభూషణ్, 2023లో అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర బహుమతి పొందినాడు.

ఇవి కూడా చూడండి

సంభావ్యత
ప్రకాశం బ్యారేజి
బుడమేరు
అష్టాచెమ్మా