పన్ను ఎప్పుడు పీకించాలి, ఎప్పుడు కాపాడుకోవాలి?

పన్ను నొప్పి మొదలైతే మన ఇళ్లలో ముందు లవంగం పెడతారు. తగ్గకపోతే మెడికల్ షాపులో గోలీలు తెస్తారు. అప్పటికీ తగ్గకపోతే "పీకించేద్దాం, పీడ పోతుంది" అంటారు. నిజానికి నొప్పిని బట్టి పన్ను పీకరు. ఎక్స్‌రేలో వేరు, ఎముక ఎలా ఉన్నాయో చూసి తేలుస్తారు. భరించలేనంత నొప్పి ఉన్న పన్ను రూట్ కెనాల్‌తో నిలబడొచ్చు. నొప్పే లేని పన్ను తీయాల్సి రావచ్చు. నొప్పి తనంతట తానే ఆగిపోయినా నయమైనట్టు కాదు, లోపల నరం చచ్చిపోయి ఉండొచ్చు.

ఎప్పుడు తీయాలి?

- పుచ్చు చిగురు కిందికి దిగి, క్యాప్ వేయడానికి కూడా పన్ను మిగలనప్పుడు
- చిగుళ్ల జబ్బుతో ఎముక కరిగి పన్ను బాగా ఊగుతున్నప్పుడు
- దెబ్బ తగిలి వేరు నిలువునా చీలినప్పుడు
- జ్ఞాన దంతం (అకల్ దాఢ్) అడ్డంగా ఇరుక్కుని మాటిమాటికీ వాస్తున్నప్పుడు

పాల పళ్లు ఎలాగూ ఊడేవే కదా అని ముందే పీకించొద్దు. ఆ ఖాళీ మూసుకుపోయి అసలు పళ్లు వంకరగా వస్తాయి. పెద్దవాళ్లకైనా ఖాళీని వదిలేస్తే పక్క పళ్లు ఒరుగుతాయి. పీకించడం చవకే, తర్వాత కట్టుడు పన్నుకో ఇంప్లాంట్‌కో అయ్యే ఖర్చే ఎక్కువ.

ఎక్కడికి వెళ్లాలి?

నంద్యాలవాళ్లు సర్కారీ జనరల్ హాస్పిటల్‌లో చూపించుకోవచ్చు. ఆళ్లగడ్డవాళ్లు అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో పళ్ల డాక్టర్ ఏ రోజుల్లో ఉంటారో అడిగి వెళ్లండి. రూట్ కెనాల్ కావాలంటే కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ, కర్నూలులో జి. పుల్లారెడ్డి డెంటల్ కాలేజీ ఉన్నాయి. డిగ్రీ లేనివాళ్ల చేత పీకించుకోవద్దు. చట్టం ప్రకారం రిజిస్టర్ అయిన డాక్టరే ఈ పని చేయాలి.

ముందు చెప్పాల్సినవి

షుగర్, బీపీ, గుండె జబ్బు, గర్భం ఉంటే డాక్టర్‌కు తప్పక చెప్పండి. రక్తం పలచబడే మాత్రలు సొంతంగా ఆపొద్దు. పై పన్ను తీస్తే చూపు పోతుందన్న మాట నిజం కాదు. పంటి నరం వేరు, చూపు నరం వేరు.

పీకించాక

దూదిని అరగంటకు పైగా గట్టిగా కొరికి పట్టండి. 24 గంటలు పుక్కిలించొద్దు, ఉమ్మొద్దు, స్ట్రాతో తాగొద్దు. బీడీ, సిగరెట్, గుట్కా కొన్నాళ్లు ముట్టొద్దు. గాయంలో గడ్డకట్టిన రక్తమే మందు, అది ఊడితే రెండు మూడు రోజుల్లో విపరీతమైన నొప్పి వస్తుంది. మరుసటి రోజు నుంచి గోరువెచ్చని ఉప్పు నీళ్లు మెల్లగా పుక్కిలించవచ్చు. మిస్వాక్ ఆ చోట తగలనీయొద్దు.

రోజాలో ఉంటే?

పన్ను తీయించినంత మాత్రాన రోజా పోదని చాలామంది ఉలమాలు చెబుతారు. రక్తం మింగితేనే ఇబ్బంది. అందుకే వీలైతే ఇఫ్తార్ తర్వాత పెట్టుకోండి, సందేహం ఉంటే మీ మస్జిద్ ఇమామ్ సాబ్‌ను అడగండి. అయితే దవడ వాచి జ్వరం వచ్చినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడానికో ఊపిరి తీయడానికో కష్టమైనా ఇఫ్తార్ దాకా ఆగొద్దు. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి. అది ప్రాణం మీదికి వచ్చే ఇన్ఫెక్షన్. జబ్బు చేసినవాళ్లు రోజా తర్వాత ఖజా చేసుకోవచ్చని ఖురాన్‌లోనే (సూరె బఖరా, 184) వెసులుబాటు ఉంది.