‘మాబ్’: ఒక పదం, దాని చారిత్రక భారం

కీలక పదాలు: మాబ్, మూక, జనసమూహ చరిత్ర, జార్జ్ రూడే, ఆదివాసీ ఇంగ్లీషు, చౌరీచౌరా, చుండూరు

1. పదం పుట్టుక

ఇంగ్లీషు నిత్యవ్యవహారంలో పెద్ద గుంపును సూచించే పదాలు అనేకం. వాటిలో ‘మాబ్’ ప్రయాణం చరిత్ర విద్యార్థులకు ప్రత్యేకంగా పనికివస్తుంది. లాటిన్‌లో ‘మొబిలె వుల్గుస్’ అంటే నిలకడలేని సామాన్యజనం. మన మాటల్లో చెప్పాలంటే గాలివాటు జనం. 17వ శతాబ్దపు చివరి దశాబ్దాల్లో ఇంగ్లీషువారు ఆ పదబంధంలోని మొదటి మాటను వాడుకలోకి తెచ్చుకొని, ఆపై దానినీ కత్తిరించి ‘మాబ్’ చేశారు.

ఈ కత్తిరింపు లండన్‌లోని గ్రీన్ రిబ్బన్ క్లబ్బు సమావేశాల్లో జరిగిందని రోజర్ నార్త్ రాశాడు. ఆయన గ్రంథం ‘ఎగ్జామెన్’ మరణానంతరం 1740లో అచ్చయింది. ఆ క్లబ్బు షాఫ్ట్స్‌బరీ ప్రభువు పక్షీయులది. కాథలిక్ అయిన యార్క్ డ్యూక్ జేమ్స్‌ను సింహాసన వారసత్వం నుండి తప్పించాలని 1679–81 మధ్య వారు పోరాడారు. నవంబరు 17న పోపు దిష్టిబొమ్మను ఊరేగించి తగలబెట్టే ఉత్సవాలకు జనాన్ని సమీకరించినదీ వారే. నార్త్ వారి ప్రత్యర్థి పక్షంవాడు కనుక ఆయన సాక్ష్యాన్ని ఆచితూచి స్వీకరించాలి. అయినా ఒక విషయం గమనింపదగినది: ఆ కథనంలో జనాన్ని వీధిలోకి పిలిచినవారూ, వారికి ఆ చిన్నచూపు పేరు పెట్టినవారూ ఒక్కరే.

1710లో ‘టాట్లర్’ పత్రికలో స్విఫ్ట్, మరుసటి ఏడాది ‘స్పెక్టేటర్’లో ఆడిసన్ ఇటువంటి కత్తిరింపు మాటలను ఆక్షేపించారు. వారి అభ్యంతరం పదం రూపం మీద. అందులోని తిరస్కారం వారిని బాధించినట్టు కనబడదు. 1752 నాటికి ఫీల్డింగ్ ‘మాబ్’ను రాజ్యంలో నాలుగో వర్గంగా వ్యంగ్యంగా లెక్కించేంతగా పదం స్థిరపడింది.

2. పత్రాల్లోని గుంపు, విచారణలోని మనుషులు

1715 ఆగస్టు 1న అమలులోకి వచ్చిన అల్లర్ల నిరోధక చట్టం ప్రకారం, 12 మంది లేదా అంతకు మించి గుమికూడినవారు అధికారి ప్రకటన చదివిన గంటలోగా చెదరిపోకపోతే అది మరణశిక్షకు తగిన నేరం. ఆ కాలపు అధికార పత్రాల్లో గుంపు ఎప్పుడూ ఒకే ప్రాణిలా కదులుతుంది: వస్తుంది, కేకలు వేస్తుంది, తగలబెడుతుంది. 1780 జూన్‌లో లండన్‌ను కుదిపేసిన గోర్డన్ అల్లర్ల వర్ణనలు ఇందుకు నమూనాలు. కాథలిక్కులకు ఇచ్చిన స్వల్ప రాయితీలపై నిరసనగా మొదలైన ఆ అల్లర్లలో న్యూగేట్ చెరసాల బూడిదైంది. సైన్యం కాల్పుల్లో వందల మంది మరణించారు.

జార్జ్ రూడే 1956లో ప్రచురించిన వ్యాసంలో ఒక సాదా ప్రశ్న వేశాడు: వీరెవరు? న్యాయస్థానాల రికార్డులను పరిశీలించగా నిందితుల్లో అధికులు కూలిపని చేసుకునేవారు, చేతిపనివారు, వారి శిష్యులు అని తేలింది. వృత్తి నేరస్థులు స్వల్పం. దాడికి గురైన ఇళ్ళు కూడా ఎక్కువగా కలిగిన కాథలిక్కులవి. పక్క సందుల్లోని పేద ఐరిష్ కూలీలవి కావు. ఎంపిక ఉన్నచోట ఆలోచన ఉంది. రూడే అందుకే ‘మాబ్’ను పక్కనపెట్టి తటస్థమైన ‘క్రౌడ్’ను స్వీకరించాడు. ఇ.పి. థాంప్సన్ 1971లో ఇంకొక మెట్టు ఎక్కాడు. ధాన్యపు అంగళ్ళపై పడిన గుంపులు చాలాచోట్ల తామే న్యాయమైన ధర కట్టి సరుకు అమ్మించాయని, వచ్చిన సొమ్మును యజమానికి అప్పగించిన సందర్భాలూ ఉన్నాయని చూపాడు.

3. ఆస్ట్రేలియాలో మరో జీవితం

కమ్యూనిస్టు అయిన కారణంగా బ్రిటిష్ విశ్వవిద్యాలయాల్లో చోటు దొరకని రూడే 1960లో ఆడిలైడ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. తన రచనల్లో ఆయన పక్కనపెట్టిన పదం ఆ దేశంలో ఇంటింటి మాట. 19వ శతాబ్దం నుండే అక్కడ గొర్రెల మందా ‘మాబ్’, కంగారూల గుంపూ ‘మాబ్’. హోబర్ట్‌లో 1828లో తెరిచిన మహిళా ఖైదీల నిర్బంధశాల కాస్కేడ్స్‌లో అధికారులకు లొంగని స్త్రీల జట్టును ‘ఫ్లాష్ మాబ్’ అన్నారు. 2003లో న్యూయార్క్‌లో మొదలై నేడు మన కళాశాల ప్రాంగణాల దాకా వచ్చిన నృత్య వినోదానికీ ఆ పేరుకూ సంబంధం లేదు.

వలసవాసులు ఆదివాసీ సమూహాలనూ పశువుల మందలకు వాడిన మాటతోనే పిలిచారు. తరువాతి మలుపు అసాధారణమైనది: ఆదివాసులు ఆ మాటను తమదిగా చేసుకున్నారు. వారి ఇంగ్లీషులో ‘నా మాబ్’ అంటే నా బంధుగణం, నా నేల, నా భాష. ఇద్దరు అపరిచితులు కలిసినప్పుడు మొదటి ప్రశ్న ‘మీ మాబ్ ఎవరు?’. మన కోస్తా జిల్లాల్లో ‘మీరెవరి తాలూకు?’ అని అడగడం వంటిది. (మన ప్రశ్న తరచు కులం ఆరాగా ముగుస్తుంది, ఆ తేడాను మరువరాదు.) ఉత్తర ఆస్ట్రేలియా క్రియోల్‌లో ‘బిగ్‌మాబ్’ అంటే ‘చాలా’ అని మాత్రమే. ముందు ‘నా’ చేరగానే పదంలోని తిరస్కారం రాలిపోయింది. కనుక దోషం ధ్వనిలో లేదు. ఎవరు ఎవరిని ఆ మాట అంటున్నారన్న దానిలో ఉంది.

4. తెలుగులో ‘మూక’

ప్రాచీన కావ్యభాషలో ‘మూక’కు సేన అనే అర్థం ఉంది. ప్రభువు వెంట నడిచిన ఆ మాట ఆధునిక తెలుగులో ‘అల్లరి’ అనే విశేషణం లేకుండా అరుదుగా కనబడుతుంది. (మాటలేనిది అనే అర్థమున్న సంస్కృత ‘మూక’ వేరు, అయితే రికార్డుల్లోని గుంపుకు ఆ అర్థమూ సరిపోవడం విషాదం.) 1872 సాక్ష్య చట్టం 9వ సెక్షన్ ఉదాహరణల్లో ఒకటి, మాబ్‌కు ముందు నడిచిన నిందితుని విచారణలో ఆ మాబ్ కేకలు సంబద్ధమైన సాక్ష్యమని చెబుతుంది. కేకల్లో అర్థముందని శిక్ష వేయడానికి వలస న్యాయం గుర్తించింది. చరిత్ర రాసేటప్పుడు మనం ఆ మేరకైనా చెవి ఒగ్గామా?

1922 ఫిబ్రవరి 4 నాటి చౌరీచౌరాను మన పాఠ్యగ్రంథాలు ఆగ్రహించిన మూక చేసిన పనిగా ఒక వాక్యంలో ముగిస్తాయి. దిగువ కోర్టు 172 మందికి ఉరిశిక్ష విధించింది. హైకోర్టు 19 మందికి దానిని ఖరారు చేసింది. ప్రతి ఒక్కరికీ పేరుంది, ఊరుంది. షాహిద్ అమీన్ 1995 గ్రంథం ఆ పేర్ల వెంట ఊళ్ళకు నడిచింది. 1918లో మద్రాసు రాజధానిలో జరిగిన ధాన్యపు దోపిడీలను యుద్ధకాలపు ధరల నేపథ్యంలో చదవాలని డేవిడ్ ఆర్నాల్డ్ 1979లోనే చూపాడు. ఇటువంటి పత్రాలను అనువదించేటప్పుడు ‘మాబ్’కు యాంత్రికంగా ‘అల్లరి మూక’ అని రాస్తే, మేజిస్ట్రేటు తీర్పును మన తీర్పుగా నమోదు చేసినవారమవుతాం. ‘గుంపు’, ‘జనం’ అందుబాటులోనే ఉన్నాయి.

దీనికి ఎదురుగా మరొక ప్రమాదం ఉంది, నా దృష్టిలో అది ఇంకా తీవ్రమైనది. రూడే పరిశీలించిన జనం కూడా పొరుగువారి మతం చూసి ఇళ్ళు తగలబెట్టినవారే. తటస్థమైన పదం వారిని అమాయకులను చేయదు. నేడు పత్రికల్లో వచ్చే ‘మూకహత్య’ అనే మాట నేరాన్ని ఖండిస్తూనే నేరస్థులను అనామకులను చేస్తుంది. మూక చేసిందంటే ఎవరూ చేయలేదన్నట్టే. 2023 భారతీయ న్యాయసంహిత 103(2) సెక్షన్ ‘మాబ్’ అనకుండా, ఐదుగురు లేదా అంతకు మించిన వ్యక్తుల సమూహం కలసికట్టుగా చేసిన హత్య అని నిర్వచించింది. లెక్క మొదలైతేనే పేర్లు అడగగలం.

1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితులను చంపారు. ఆ గ్రామంలోనే ఏర్పాటైన ప్రత్యేక న్యాయస్థానం 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది జైలు విధించింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా విడుదల చేసింది. ఆ కేసులో న్యాయవాదుల వాదనలన్నీ ఎవరు, ఎక్కడ, ఏ సమయంలో అన్న ప్రశ్నల చుట్టూ తిరిగాయి. ఆ ఘటన గురించి రాసే పరిశోధకుడు ‘మూక’ అని రాసిన క్షణంలో ఆ ప్రశ్నలు మూడూ మూతపడతాయి.